మంచులో అణువుల తూకం

చలికాలం వచ్చిందంటే ఇక్కడ గుమ్మం ముందు మెట్లమీద ఉప్పు చల్లుకుంటాం కదా. మొన్న మా అమ్మాయి, "నాన్నా, ఉప్పు వేడిగా ఉండదు కదా, మరి మంచెలా కరుగుతుంది?" అని అడిగింది. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. పాత పుస్తకాలు మళ్ళీ గుర్తుకొచ్చాయి.

ఉప్పు ఎంత ఎక్కువైతే నీళ్ళు గడ్డకట్టే ఉష్ణోగ్రత అదే నిష్పత్తిలో దిగుతుందని 1788లోనే చార్లెస్ బ్లాగ్డెన్ కొలిచి చెప్పాడు. దాని అసలు ఉపయోగం తెలియడానికి చాలా కాలం పట్టింది.

అప్పటి రసాయన శాస్త్రజ్ఞుల ఇబ్బంది ఇదీ. ఫార్మాల్డిహైడు, వెనిగర్‌లోని ఆమ్లం, గ్లూకోజు, ఈ మూడింటిలోనూ కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్ ఒకే నిష్పత్తిలో ఉంటాయి. అణువు ఎంత పెద్దదో తెలిస్తేగానీ ఏది ఏదో తేలదు. ఆవిరయ్యే పదార్థమైతే ఆవిరిని తూచవచ్చు. గ్లూకోజును కాస్తే మాడి బొగ్గవుతుంది!

ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పనిచేసిన ఫ్రాన్స్వా రౌల్ట్ 1882లో దారి చూపించాడు. కరిగింది ఏ పదార్థమన్నది కాదు, ఎన్ని అణువులన్నదే లెక్క. నేటి కొలతల్లో చెబితే, కిలో నీళ్ళలో అణుభారమెంతో అన్ని గ్రాములు కరిగిస్తే 1.86 డిగ్రీలు దిగుతుంది. కిలో నీళ్ళలో 90 గ్రాముల గ్లూకోజు వేస్తే దిగేది 0.93, అంటే సరిగ్గా సగం. కాబట్టి అణుభారం 180. ఫార్మాల్డిహైడుది 30, దానికి ఆరు రెట్లు. చిక్కు వీడింది.

ఇంత చిన్న తేడా చూడాలంటే మామూలు థర్మామీటరు చాలదు. 1888లో ఎర్నెస్ట్ బెక్‌మన్ అయిదారు డిగ్రీలు మాత్రమే చూపించే పొడవాటి థర్మామీటరు తయారుచేశాడు. అందులో డిగ్రీలో నూరోవంతుకు కూడా గీత ఉంటుంది. మా ల్యాబులో అది ఒక్కటే ఉండేది. పాదరసాన్ని మెల్లగా తట్టి సరిచేసుకోవడానికే మాకు సగం పూట పట్టేది. తీరా నీళ్ళు గడ్డకట్టాల్సిన చోటు దాటి కిందికి జారి, మొదటి మంచు పలుకు పడగానే చటుక్కున పైకి లేచేవి. ఆ క్షణంలో పక్కకు చూశామా, మళ్ళీ మొదటికే.

అయితే ఉప్పు మాత్రం ఈ లెక్కకు లొంగలేదు. 58.5 రావలసిన చోట 32 దాకానే వచ్చేది. ఉప్పు నీళ్ళలో విద్యుదావేశం గల రెండు ముక్కలుగా విడిపోతుందని స్వాంటే అర్హీనియస్ 1887లో వివరించాడు. సోడియం నీళ్ళలో పడితే భగ్గుమనాలి కదా అని చాలామంది ఒప్పుకోలేదు. ఆవేశమున్న అయాన్ వేరు, లోహం వేరు అని నచ్చజెప్పడానికి ఏళ్ళు పట్టింది. 1884లో ఇదే విషయంమీద ఆయన రాసిన సిద్ధాంత గ్రంథానికి ఉప్సలాలో తక్కువ శ్రేణి ఇచ్చారు. 1903లో నోబెల్ వచ్చింది.

మన దేవుడి గదిలోని కర్పూరానికీ ఇందులో చోటుంది. నీళ్ళలో 1.86 డిగ్రీలు దించేది కర్పూరంలో దాదాపు 40 డిగ్రీలు దించుతుంది. 1922లో కార్ల్ రాస్ట్ దీన్నే వాడుకున్నాడు. చిటికెడు పదార్థం, మామూలు థర్మామీటరు ఉంటే చాలు.

ఇదంతా విని మా అమ్మాయి, "అయితే పంచదార చల్లితే కరగదా?" అంది. కరుగుతుందమ్మా, కానీ ఉప్పుకు దాదాపు పన్నెండు రెట్ల బరువు చల్లాలి. ఎండలొచ్చాక చీమల సంగతి నువ్వే చూసుకోవాలి, అన్నాను.