నాడి వేగము – ధమనుల ఆరోగ్యము

మణికట్టుపై వ్రేళ్లుంచి నాడిని చూచుట వైద్యవిద్యయంత ప్రాచీనమైన ఆచారము. కాని దానిని అంకెలలో చెప్పుట మానవునికి చాలకాలము పట్టిన పని. క్రీస్తునకు పూర్వము అలెగ్జాండ్రియా నగరమున హీరోఫిలస్ అను వైద్యుడు నీటి గడియారముతో నాడిని కొలిచెనని ప్రతీతి. 1628లో విలియం హార్వే రక్తప్రసరణమును నిరూపించి, ధమనులు కొట్టుకొనుటకు మూలము గుండెయే అని చాటెను. 1707లో ఇంగ్లండు దేశపు వైద్యుడు సర్ జాన్ ఫ్లాయర్, సరిగా ఒక్క నిమిషము నడచి ఆగు గడియారముతో నాడిని లెక్కించు పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను.

నిమిషమునకు 72 మారులు కొట్టుకొను గుండె దినమునకు 1,03,680 మారులు కొట్టుకొనును. 60 మారులే అయినచో 86,400. ఈ వ్యత్యాసము ధమనుల గోడలకు మేలు చేయునా? చరిత్రలో ఈ ప్రశ్న ఎంతో ఆలస్యముగా పుట్టినది.

ధమని గోడలలో క్రొవ్వు పేరుకొని గట్టిపడు వ్యాధికి 1904లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ మార్షాండ్ 'అథిరోస్క్లెరోసిస్' అని పేరిడెను. ఈ క్రొవ్వు అంతటను సమముగా చేరదు. ధమని చీలు చోట్లను, వంపులు తిరుగు చోట్లను హెచ్చుగా చేరును. అచట రక్తధార నిలకడ తప్పి ముందువెనుకల ఊగును. గుండెను పోషించు ధమనులలో రక్తము ముఖ్యముగా గుండె విశ్రమించు క్షణములందే పారును. నాడి మందగించినచో ఆ విశ్రాంతి దీర్ఘమగును. ధమని గోడ వద్ద రక్తధార ఊగిసలాట తగ్గును.

ఈ ఊహను 1984లో చికాగో శాస్త్రజ్ఞులు కోతులపై పరీక్షించిరి. గుండె వేగమును నడపు కణుపును శస్త్రచికిత్సతో నిర్వీర్యము చేసి, ఆరు మాసములు క్రొవ్వు ఆహారమిచ్చిరి. నాడి మందగించిన కోతుల హృదయధమనులలో పేరుకొన్న క్రొవ్వు, తక్కినవానిలో ఉన్నదానికి సగముకన్న తక్కువ. 2008లో ఐవాబ్రడిన్ అను మందుతో ఎలుకలపై జరిపిన ప్రయోగమును ఇదే త్రోవను చూపెను. ఆ మందు రక్తపు పోటును అంతగా మార్చక గుండె వేగమునే తగ్గించును.

ఆశ పెరిగినది. కాని మనుష్యుడు ఎలుక కాడు. 2014లో వెలువడిన 'సిగ్నిఫై' పరీక్షలో, హృదయధమని వ్యాధి ఉండి గుండె బలహీనపడని 19,102 మందిని పరిశీలించిరి. మందు పుచ్చుకొన్నవారి నాడి నిశ్చయముగా తగ్గినది. గుండెపోట్లును, హృద్రోగ మరణములును తగ్గలేదు. గుండెనొప్పితో ఎక్కువ బాధపడువారిలో అపాయము కొంత పెరిగినది కూడ. అంతకు ముందు 2010లో, గుండె బలహీనపడిన రోగులపై జరిగిన 'షిఫ్ట్' పరీక్షలో మాత్రము అదే మందు మేలు చేసెను.

కావున నాడి వేగము వ్యాధికి కారణమా, సూచనయా అను వివాదము ఇంకను తెగలేదు. నిత్యము నడక, వ్యాయామము చేయువారి నాడి తనంత తాను నిదానించును. ఆ మేలులో నాడి పాలు ఎంతయో, తక్కిన దేహశ్రమ పాలు ఎంతయో విడదీయుట కష్టము. గడియారము ముందు పెట్టుకొని నాడిని లెక్కించుకొనుట ఇంటింట చేయదగినదే. అంకెను చూచి భయపడి మందు కొనుట, వైద్యుడిచ్చిన మందును మానుట తగని పనులు. మూడు శతాబ్దముల క్రిందట అంకె లభించినది. దాని అర్థమును వైద్యులు నేటికిని వెదకుచునే యున్నారు.