వినిపిస్తా ఉందా?

మా ఇంట్లో తెలుగు నిలిచిందంటే సగం ఫోను పుణ్యమే. మేము కోలారులో కన్నడ బడిలో చదివినోళ్లం. అవ్వ పుట్టిల్లు మదనపల్లె. అప్పట్లో ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు కాచుకునేవాళ్లు. లైను బాగుందా లేదా అని చూసేది ఆపరేటరమ్మ చెవే.

1960లో కాన్పూర్-లక్నో మధ్య ఎస్టీడీ వచ్చింది, నడిమధ్య ఆ చెవి తప్పుకుంది. 1986లో మన కర్ణాటక కిత్తూరులోనే సీ-డాట్ తన 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజి పెట్టింది.

ఆ తర్వాత మాట ప్యాకెట్లయింది. 1996 నాటి ఆర్‌టీపీలో ప్రతి ప్యాకెట్‌కూ వరుస నంబరు, టైము ఉంటాయి. దాని జతగా నడిచే ఆర్‌టీసీపీ ద్వారా, అందుకున్న గేట్‌వే ఎన్ని ప్యాకెట్లు పోయాయో, రాకలో ఎంత ఎగుడుదిగుడు ఉందో పంపిన గేట్‌వేకు చెప్తుంది. ఈ ఎగుడుదిగుడునే జిట్టర్ అంటారు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుంటే మాట సాఫీగా సాగుతుందని ఐటీయూ లెక్క.

టెస్టింగ్ పనిలో మేము నేర్చుకున్నది ఒకటే: ఏ గేట్‌వే అయినా తనకు చేరిందే చెప్పగలదు. కాబట్టి రెండు వైపులా చూడాల. సగటును నమ్మరాదు, నష్టం ఒక్కశాతమే అయినా, అంతా ఒకేచోట పడితే ఒక మాట మొత్తం పోతుంది.

అవ్వ చివరిసారి తమ్ముడితో మాట్లాడినప్పుడు ఆయన మాటలు మాకు చక్కగా వినిపించినాయి. ఆమె మాటలు సగమే అక్కడికి చేరినాయని తర్వాత తెలిసింది.

మీ పెద్దోళ్లతో మాట్లాడేటప్పుడు అడగండి: "మా మాట అక్కడ వినిపిస్తా ఉందా?"