సాలార్ జంగ్ వఫాదారీ ఎవరికి?

నిజామాబాదు నుండి హైదరాబాదు పోయే దారిలో తూప్రాన్ వస్తుంది. 1859 జనవరిలో ఆ పరిసరాల్లోనే తుర్రేబాజ్ ఖాన్‌ను చంపి, శవాన్ని నగరానికి తెచ్చి బహిరంగంగా వేలాడదీశారు. అతన్ని పట్టి ఇచ్చినవారికి 5,000 రూపాయలు ఇనాముగా ప్రకటించింది ఆంగ్లేయులు కాదు, నిజాం సర్కారు. ఆ సర్కారుకు దివాన్ మీర్ తురాబ్ అలీ ఖాన్, అనగా మొదటి సాలార్ జంగ్. శిస్తు గుత్తేదారుల చేతుల్లో నలిగిన మన ఇందూరు రైతులకు జీతగాళ్ళయిన అధికారులను తెచ్చినవాడూ ఆయనే. ఈ రెండు సంగతులూ కలిపి చదవవలసినవి.

1853లో పినతండ్రి సిరాజుల్ ముల్క్ మరణించగా ఆయన దివాన్ అయ్యాడు. వయస్సు 24 ఏండ్లు. అదే మే నెలలో బీరారు, రాయచూరు, ధారాశివ్ కంపెనీ వశమయ్యాయి. ఖజానా ఖాళీ. నాలుగేండ్లకు ఢిల్లీ వార్త వచ్చింది. ఆ రోజుల్లోనే నాసిరుద్దౌలా కాలం చేసి, అఫ్జలుద్దౌలా గద్దె నెక్కాడు.

ఔరంగాబాదు వైపు తిరుగుబాటు చేసి నగరానికి ఆశ్రయం కోరి వచ్చిన జమాదారు చీదా ఖాన్‌ను దివాన్ రెసిడెన్సీకి అప్పగించాడు. జనం మక్కా మసీదులో గుమిగూడి అతన్ని విడిపించాలన్నారు. 1857 జూలై 17, శుక్రవారం. మౌల్వీ అలావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్‌ల వెంట రోహిలాలు రెసిడెన్సీ మీదికి నడిచారు. దివాన్ కబురు ముందే అందినందున అక్కడ ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారేసరికి అంతా ముగిసింది. మౌల్వీగారిని తరువాత అండమానుకు పంపారు.

ఉర్దూ చరిత్రలను తెలుగు చేసేటప్పుడు ‘వఫాదారీ’ అన్న మాట దగ్గర నా కలం ఆగుతుంది. ‘విశ్వాసం’ అంటే ఉప్పు తిన్నవాడి మాట. ‘విధేయత’ అంటే భయపడ్డవాడి మాట. సాలార్ జంగ్ తిన్నది నిజాం ఉప్పు. దానిని కాపాడటానికే రెసిడెంటు పక్షం వహించానని ఆయన భావించి ఉండవచ్చు. కాని చీదా ఖాన్‌ను అప్పగించడం నాకు మింగుడు పడదు. ఆశ్రయం కోరి వచ్చినవాడు కదా! నగరవాసులూ మరువలేదు. 1859 మార్చిలో రెసిడెంటు డేవిడ్సన్ పక్కన ఉండగా జహంగీర్ ఖాన్ అనేవాడు తుపాకీ పేల్చాడు, గురి తప్పింది.

ప్రతిఫలం లేకపోలేదు. 1860లో రాయచూరు, ధారాశివ్ తిరిగి వచ్చాయి, 50 లక్షల బాకీ రద్దయింది, షోరాపూరు దక్కింది. బీరారు మాత్రం రాలేదు. ఇక మిగిలిన జీవితమంతా ఆయన ఆంగ్లేయులతో కలహించింది దాని కోసమే. 1876లో లండను దాకా వెళ్ళాడు. అక్కడ సన్మానాలు చేశారు, ఆక్స్‌ఫర్డు పట్టం ఇచ్చారు. బీరారు మాట ఎత్తనివ్వలేదు. మరుసటి ఏడే, బాల నిజాం రాజ్యంలో ఆయనకు గిట్టని అమీరె కబీర్‌ను సహ పాలకుడుగా పక్కన కూర్చోబెట్టారు. 1883 ఫిబ్రవరి 8న కలరాతో చనిపోయేనాటికి బీరారు కంపెనీ వారసుల చేతిలోనే ఉంది. 1902లో కర్జన్ దానిని శాశ్వతంగా కౌలుకు తీసుకున్నాడు.