కొల్లేటి గట్టు మీద ఖాకీ

మధ్యధరా సముద్రంలోని మాల్టా దేశం మొత్తం కలిపి 316 చదరపు కిలోమీటర్లు. దానికి 1814 నుంచే సొంత పోలీసు దళం ఉంది. మన కొల్లేరు అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు ఒక దేశమంత ఉన్న ఈ సరస్సుకు కాపలా ఎలా సాగిందో పశ్చిమ గోదావరి జిల్లా శతజయంతి వేళ చెప్పుకోవాలి.

ఈ పోలీసు మూలాలు జిల్లా పుట్టిన 1925 కంటే చాలా వెనక ఉన్నాయి. కంపెనీ పాలనలో శిస్తు వసూలూ పోలీసు పనీ తహసీల్దారు చేతిలోనే ఉండేవి. ఊరికి తలారే కావలి. శిస్తు బాకీపడ్డ రైతును ఎండలో నిలబెట్టేవారు, ఒళ్లు వంచి కట్టేసేవారు, చేతివేళ్లు నొక్కేవారు. 1855లో మద్రాసు హింసా విచారణ సంఘం ఇదంతా బయటపెట్టింది. నాలుగేళ్లకు, 1859లో వచ్చిన 24వ చట్టం పోలీసును రెవెన్యూ నుంచి విడదీసింది. విలియం రాబిన్సన్ మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. రైతు తిన్న దెబ్బల వెనకే ఈ సంస్థ వచ్చిందని కొత్తగా చేరే ప్రతి కానిస్టేబుల్‌కూ శిక్షణలోనే చెప్పాలి.

1925లో కృష్ణా జిల్లాను విడదీసి, ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరిని ఏర్పరచారు. మన్యంలో పోలీసు స్టేషన్లపై దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన అల్లూరి సీతారామరాజును కాల్చి చంపి అప్పటికి ఏడాదే. 2022 జూలై 4న అదే అల్లూరి 30 అడుగుల విగ్రహాన్ని భీమవరంలో ప్రధాని ఆవిష్కరించారు. ఆ సభ బందోబస్తులో ఈ జిల్లా పోలీసులూ ఉన్నారు.

జిల్లాలోని తాడేపల్లిగూడెంలో రైలుమార్గం, జాతీయ రహదారి, ఉల్లి మార్కెట్‌కు వచ్చే లారీలు. అక్కడి పని ఏ పట్టణ స్టేషన్‌కైనా అలవాటైనదే. కొల్లేరు సంగతి వేరు. వరద ముంచెత్తితే సరస్సులోని లంక ఊళ్లకు దోనె మీదే పోవాలి. పైగా సరస్సు రెండు జిల్లాల కింద చీలి ఉండేది. కైకలూరు, కొల్లేటికోట కృష్ణా పోలీసువి, గుడివాకలంక, శ్రీపర్రు పశ్చిమ గోదావరివి. నీళ్లేమో ఒకటే.

2006లో ఆపరేషన్ కొల్లేరు వచ్చింది. అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు తెంచుతుంటే పోలీసులు కాపలా నిలిచారు. చట్టం పక్షాన నిలిచినందుకు వారిని తప్పుపట్టలేం. కానీ పెట్టుబడి పెట్టిన పెద్దలూ, ఆ చెరువుల మీదే కూలి చేసుకు బతికిన లంక జనమూ ఒకటి కారు. ఆ జనానికి బతుకుతెరువు ముందుగా చూపకుండా ఖాకీని ఎదురు నిలబెట్టడం ప్రభుత్వం చేసిన అన్యాయం.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కైకలూరు వైపూ, గుడివాకలంక, శ్రీపర్రు వైపూ కొత్త ఏలూరు జిల్లాలోకి వచ్చాయి, ఆకివీడు, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రమైన పశ్చిమ గోదావరిలో ఉండిపోయాయి. దాంతో సరస్సులో ఎక్కువ భాగానికి ఒకే ఎస్పీ దొరికారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద కొల్లేటికి చేరినప్పుడు రెండు జిల్లాల హద్దు తగవు లేకపోవడం ఎంత అవసరమో తెలిసింది.

లంకల్లో డ్యూటీ చేసిన కానిస్టేబుళ్లు, హెడ్‌లు కొందరు మన ఊళ్లలోనే విశ్రాంత జీవితం గడుపుతున్నారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర బందోబస్తులూ, వరద రాత్రులూ వారికి గుర్తున్నాయి. పిల్లలూ మనవలూ దయచేసి వారి పక్కన కూర్చుని, వారు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. పాత ఫొటోలు, డ్యూటీ పుస్తకాలు ఉంటే పారేయకండి.