సంతకానికి ముందున్న చరిత్ర

అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లో ప్రత్యేక విద్య పొందుతున్న ప్రతి విద్యార్థి కోసం ఏడాదికి కనీసం ఒకసారి ఒక సమావేశం జరుగుతుంది. ఐఇపి అని అందరూ పిలిచే వ్యక్తిగత విద్యా ప్రణాళికను అక్కడ సమీక్షిస్తారు. ఉపాధ్యాయులతో, నిపుణులతో సమానంగా తల్లిదండ్రులకూ అందులో స్థానం ఉంది. అది పాఠశాలలు మర్యాదకు ఇచ్చిన స్థానం కాదు. తల్లిదండ్రులు పోరాడి సాధించుకున్నది.

అయిదేళ్ళ మానసిక వయస్సు రాని పిల్లలను చేర్చుకోకుండా నిరాకరించే అధికారాన్ని ఒకప్పుడు పెన్సిల్వేనియా చట్టం పాఠశాలలకు ఇచ్చింది. బుద్ధిమాంద్యం గల పిల్లల తల్లిదండ్రుల సంఘం 1971లో దీనిపై ఫెడరల్ న్యాయస్థానానికి వెళ్ళింది. వారి న్యాయవాది థామస్ గిల్హూల్. తగిన బోధన అందితే ఏ బిడ్డయినా ఎంతో కొంత నేర్చుకోగలదని విద్యారంగ నిపుణులు సాక్ష్యమిచ్చారు. ఆ సాక్ష్యం తరువాత రాష్ట్రం రాజీకి వచ్చింది. పిల్లల చదువు గురించి నిర్ణయం మార్చే ముందు తల్లిదండ్రులకు తెలియజేయాలనీ, వారి అభ్యంతరాన్ని విచారించాలనీ ఒప్పందం కుదిరింది. నిధుల కొరత సాకుతో ఈ పిల్లలను వెలివేయరాదని 1972లో వాషింగ్టన్ నగరానికి సంబంధించిన మిల్స్ కేసు తీర్పు స్పష్టం చేసింది.

ఈ రెండు కేసుల పునాది మీదనే 1975 నవంబరు 29న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో జాతీయ చట్టం వచ్చింది. పదిలక్షలమంది పిల్లలు ప్రభుత్వ పాఠశాలలకు పూర్తిగా దూరంగా ఉన్నారని ఆ చట్టమే పేర్కొంది. ఐఇపిని ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, పాఠశాల ప్రతినిధులు, వీలైనప్పుడు విద్యార్థి కూడా కలిసి రూపొందించాలని నిర్దేశించింది. ఆ చట్టానికే 1990లో ఐడియా అన్న పేరు వచ్చింది.

అయితే చోటు దొరికినంత మాత్రాన బలం సమానం కాలేదు. అదనపు ఖర్చు కోసం ఫెడరల్ ప్రభుత్వం ఇస్తానన్న 40 శాతం వాటా నేటికీ పూర్తిగా అందలేదు. వివాదం విచారణ దాకా వెళితే, ప్రణాళిక సరిగా లేదని నిరూపించే భారం ఫిర్యాదు చేసినవారిదేనని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆచరణలో ఆ భారం ఎక్కువగా తల్లిదండ్రుల మీదే పడుతుంది. మరోవైపు, బిడ్డ పరిస్థితికి తగిన పురోగతి సాధ్యమయ్యేలా ప్రణాళిక ఉండాలని 2017లో అదే న్యాయస్థానం చెప్పింది.

గురువు మాటకు ఎదురు చెప్పరాదన్న సంస్కారంలో పెరిగిన తెలుగు తల్లిదండ్రులకు ఈ చరిత్ర తెలియడం అవసరం. ఆంగ్లంలో ఇబ్బంది ఉన్నవారికి సమావేశంలో దుభాషిని ఏర్పాటు చేయవలసిన బాధ్యత పాఠశాలదే. ప్రశ్నించడం అక్కడ అవిధేయత కాదు; చట్టం వారికి అప్పగించిన పని. బడి గంటల్లో బిడ్డ ఎలా నేర్చుకుంటుందో ఉపాధ్యాయులకు తెలుసు. ఇంట్లో ఏ మాటకు పలుకుతుందో, దేనికి బెదురుతుందో కన్నవారికి తెలుసు. ఈ రెండు జ్ఞానాలూ కలిసినప్పుడే ఆ ప్రణాళిక కింద పెట్టే సంతకానికి అర్థముంటుంది.