తొమ్మిది పోగులు, తొమ్మిది ముళ్ళు

వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు సాయంత్రం చిక్కడపల్లి మార్కెట్లో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. చామంతులు, కలువలు, మామిడాకుల మధ్య పసుపు పూసిన తోరాల కట్టలు కూడా అమ్మకానికి ఉంటాయి. తీరిక లేనివాళ్ళు కొనుక్కుంటారు, తప్పులేదు. ఇంట్లో కట్టుకునేవాళ్ళకు మాత్రం ఆ దారంలోని లెక్క వేళ్ళకే తెలిసిపోతుంది.

తొమ్మిది పోగులు కలిపి, పసుపు రాసి, వరసగా తొమ్మిది ముళ్ళు వేస్తారు. పూజలో ఒక్కో ముడికి అమ్మవారి పేరు ఒక్కోటి. మొదటి ముడి కమల, రెండోది రమ, మూడోది లోకమాత, అలా సాగి తొమ్మిదోది హరివల్లభ. అక్షరం ముక్క రాని ఇల్లాలైనా ముడి మీద నుంచి ముడి మీదికి వేలు జరుపుకుంటూ వెళితే ఏ పేరూ జారిపోదు. భాద్రపదంలో అనంత పద్మనాభ వ్రతం తోరానికైతే ముళ్ళు పద్నాలుగు.

దక్షిణ అమెరికాలో ఇంకాలు ఏకంగా రాజ్యాన్నే ముళ్ళతో నడిపారు. జనాభా, పన్నులు, గిడ్డంగుల్లో ధాన్యం, అన్నిటి పద్దులూ కిపు అనే తాళ్ళ గుత్తిలోనే. పెద్ద తాడుకు సన్న తాళ్ళు వేలాడుతుంటాయి. ముడి ఉన్న చోటును బట్టి అది ఒకట్లదో, పదులదో, వందలదో తెలుస్తుంది. సున్నా ఉండాల్సిన చోట ముడి వేయరు, ఖాళీగా వదిలేస్తారు. ఇది దశాంశ పద్ధతేనని 1912లో లేలండ్ లాక్ అనే అమెరికన్ పరిశోధకుడు వివరించాడు.

లెక్క ఒక ఎత్తు, మాట ఒక ఎత్తు. మన ముడుపునే చూడండి. కోరిక చెప్పుకుని, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి ముడివేసి, దేవుడి గూట్లో ఉంచుతారు. అనుకున్నది జరిగాక కొండకు వెళ్ళి హుండీలో వేస్తారు. ఆ ముడిని చంటిపిల్లైనా లాగేయగలదు. అయినా నెలాఖరులో చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు కూడా దాని జోలికి ఎవరూ పోరు. అశోక్‌నగర్ సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల మణికట్లు చూసినా రంగు వెలిసిన దారాలు కనిపిస్తుంటాయి. బిడ్డ కోసం ఇంట్లోవాళ్ళు పడే ఆరాటానికి ఆ దారం చాలు. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

ఇద్దరి మధ్య మాటకైతే పెళ్ళి ముడిని మించింది లేదు. మన మూడు ముళ్ళు, బ్రహ్మముడి అందరికీ తెలిసినవే. ఆపస్తంబ సూత్రం పాటించే ఇళ్ళలో వధువు నడుముకు దర్భలతో పేనిన యోక్త్రం కూడా కడతారు. ప్రాచీన రోమ్‌లోనూ పెళ్ళికూతురి నడుముకు ఉన్ని దట్టీ కట్టి హెర్క్యులిస్ ముడి వేసేవారు. దాన్ని విప్పే హక్కు పెళ్ళికొడుకుది.

అదే రోమ్‌లో ముడి అంటే భయం కూడా ఉండేది. జూపిటర్ పూజారి ఒంటి మీద బట్టల్లో ఎక్కడా ముడి ఉండకూడదని ఆలస్ గెల్లియస్ రాశాడు. గర్భిణి దగ్గర వేళ్ళు పెనవేసుకుని కూర్చోవడం కీడని ప్లినీ అన్నాడు. ముడి కట్టి ఉంచుతుంది కాబట్టి, ప్రాణం కదలాల్సిన చోట అది అడ్డమనుకున్నారు.

మన సాహిత్యంలో విప్పిన జుట్టే ఒక ప్రతిజ్ఞ. విశాఖదత్తుడి ముద్రారాక్షసంలో చాణక్యుడు పంతం నెగ్గాకే శిఖ ముడివేసుకుంటాడు. భట్టనారాయణుడి వేణీసంహారంలో ద్రౌపది జడ ముడిపడడంతోనే కథ తీరుతుంది. క్రీ.పూ. 333లో గోర్డియంలో అలెగ్జాండర్ చిక్కుముడిని కత్తితో నరికాడన్న కథను ప్రపంచమంతా మెచ్చుకుంటుంది. నాకు చాణక్యుడి ఓపికే గొప్పగా తోస్తుంది.

విప్పడానికీ మనకొక పద్ధతి ఉంది. పెళ్ళిలో వధూవరుల చేతులకు కట్టిన కంకణాలను పదహారు రోజుల పండుగనాడు పూజ చేసి విప్పుతారు. పసుపుతాడుకున్న సూత్రాలను నల్లపూసలతో కలిపి గుచ్చేదీ చాలా ఇళ్ళలో ఆ రోజే. ఇప్పుడు ఉద్యోగాలకు సెలవులు చాలక ఈ పండుగను మూడో రోజే కానిచ్చేస్తున్న ఇళ్ళు ఉన్నాయి. రోజులు తగ్గించుకున్నారు గానీ, పూజ లేకుండా కంకణం విప్పడానికి మాత్రం పెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదు.