పిడికెడు బియ్యము: కామరాజు నాడారు బాల్యము, రాజకీయాభ్యుదయము

సంఘ వార్షిక మహాసభా సంచికలయందు స్వకుల ప్రముఖుల చరిత్రములను ప్రకటించుట మనలో ఆచారమై యున్నది. ఈ పర్యాయము మేము మన కులమున బుట్టని యొక మహనీయుని చరిత్రము నెన్నుకొంటిమి. ద్రావిడదేశమున నాడారు కులమున జన్మించి, చెన్నరాష్ట్రమునకు ముఖ్యమంత్రియు, అఖిల భారత కాంగ్రెసునకు అధ్యక్షుడును అయిన కామరాజే ఆ మహనీయుడు. కులమునకును, అందుండి వెలువడిన నాయకునకును గల సంబంధ మెట్టిదిగ నుండవలెనో విచారించుటకు ఇంతకంటె తగిన నిదర్శనము మాకు గానరాలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున తిరునల్వేలి, రామనాథపుర ప్రాంతముల నాడార్లలో పెక్కురు తాటిచెట్లెక్కి జీవనము సాగించుచుండిరి. దేవాలయములలోనికి వారిని రానిచ్చెడివారు కారు. 1899లో శివకాశియందు ఘోరమైన కలహములు చెలరేగెను. కముది దేవాలయ ప్రవేశమునకై నడచిన వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు బోయి 1908లో వారికి ప్రతికూలముగ ముగిసెను. ఐనను వారు న్యాయస్థానములనే నమ్ముకొని కూర్చుండలేదు. వర్తకులు తమ సరకులపై ‘మహమై’ యను చందాను తామే విధించుకొని ఉమ్మడి నిధిని గూర్చుకొనిరి. విరుదుపట్టి పట్టణమున ఇల్లాండ్రు పిడికెడేసి బియ్యమును వేరుగ తీసి యుంచెడివారు. ఆ బియ్యము క్షత్రియ విద్యాశాల యను పాఠశాల పోషణకు వినియోగమయ్యెను. 1910లో నాడారు మహాజన సంఘమును స్థాపితమయ్యెను.

ఆ విరుదుపట్టియందే 1903వ సంవత్సరము జూలై 15వ తేదీన కుమారస్వామి, శివకామి దంపతులకు కామరాజు జన్మించెను. బాలునకు ఆరేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లి తన నగలమ్మి, ఆ సొమ్మును ఒక వర్తకునివద్ద నుంచి, వచ్చిన వడ్డీతో సంసారమును గడపెను. బాలుడు క్షత్రియ విద్యాశాలలో జేరెను గాని చదువు ఆరవ తరగతితో ఆగిపోయెను. పిమ్మట మేనమామ బట్టల దుకాణమున పనికి కుదిరెను. పిడికెడు బియ్యము పాఠశాలను నిలిపినది గాని, ఇంటి లేమి ఆ బాలుని పాఠశాలలో నిలువనీయలేదు. ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియం దుంచుకొన గోరెదము.

దుకాణమున నున్నను అతని మనస్సు వార్తాపత్రికలమీదను, సభలమీదను ఉండెను. జలియనువాలాబాగు దురంతము దేశమును కలచివేసిన పిమ్మట, 1920 ప్రాంతమున కాంగ్రెసు సేవకుడయ్యెను. కుర్రవానిని రాజకీయములనుండి మరలింపదలచి బంధువులు తిరువనంతపురములోని మరియొక మేనమామ కలప దుకాణమునకు బంపిరి. అచ్చటను అతడు మారలేదు. వైకము సత్యాగ్రహమున పాల్గొనెను. 1930లో వేదారణ్య ఉప్పు సత్యాగ్రహమున జేరి కారాగారమున కేగెను. వివాహము చేసికొనలేదు. స్వాతంత్ర్య సమరమున ఆయన చెరసాలలో గడపిన కాలము మొత్తము దాదాపు తొమ్మిది సంవత్సరములు.

ఆ కాలమున నాడారు ప్రముఖులలో పలువురు జస్టిసు పక్షమును ఆశ్రయించి యుండిరి. కావున సొంత ఊరి ధనికుల అండ కామరాజునకు లభింపలేదు. ఆయనను చేరదీసి రాజకీయములు నేర్పినది బ్రాహ్మణుడగు సత్యమూర్తి. 1936లో సత్యమూర్తి రాష్ట్ర కాంగ్రెసునకు అధ్యక్షుడు కాగా కామరాజు కార్యదర్శి యయ్యెను. 1937లో సాత్తూరు స్థానమునుండి శాసనసభకు ఎన్నికయ్యెను. 1940లో తానే రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడయ్యెను. ఆ యేడు చివర గాంధీమహాత్ముని దర్శింప వార్ధాకు బోవుచుండగా మన గుంటూరునందే ఆయనను నిర్బంధించి వేలూరు చెరసాలకు బంపిరి. చెరలో నుండగనే విరుదునగర పురపాలక సంఘమువారు ఆయనను అధ్యక్షునిగ నెన్నుకొనిరి. విడుదలయై వచ్చి, పూర్తిగ న్యాయము చేయజాలని పదవి తనకు తగదని వెంటనే విడిచిపెట్టెను.

1954 ఏప్రిలులో ఆయన చెన్నరాష్ట్ర ముఖ్యమంత్రి యయ్యెను. నాయకత్వమునకై తనతో పోటీపడిన సి. సుబ్రహ్మణ్యమును మంత్రివర్గమున జేర్చుకొనెను. ఉపయెన్నికకు స్వస్థలమును గోరక, దూరముననున్న ఉత్తర ఆర్కాటు మండలములోని గుడియాత్తమునుండి పోటీచేసి గెలిచెను. బాలురు సగము పూట చదువుకొని, తక్కిన కాలమున తలిదండ్రుల వృత్తిని నేర్చుకొనవలెనని రాజగోపాలాచారి 1953లో తెచ్చిన పద్ధతిని రద్దుచేసెను. 1956లో పాఠశాలలయందు మధ్యాహ్న భోజన పథకము ప్రారంభమయ్యెను. దానికి సర్కారు ధనముతోపాటు గ్రామస్థుల విరాళములును తోడయ్యెను. ఒక కులమువారు తమ పాఠశాలకై తీసిన పిడికెడు బియ్యమే సర్వకులముల బీదబిడ్డలకు అన్నమై వడ్డింపబడినదని మేము తలచుచున్నాము.

1963 అక్టోబరులో కాంగ్రెసు నిర్మాణకార్యమునకై ముఖ్యమంత్రి పదవిని స్వచ్ఛందముగ విడిచెను. 1964 జనవరిలో భువనేశ్వర మహాసభకు అధ్యక్షత వహించెను. ఆయనకు ముందు ఆ పీఠము నధిష్ఠించినవాడు మన కర్నూలు మండలమువాడైన దామోదరం సంజీవయ్య. ఆ సంవత్సరమే నెహ్రూ మరణానంతరము లాలు బహదూరు శాస్త్రిని ప్రధానిగ నెన్నుకొనుటయందు కామరాజే ప్రధాన పాత్ర వహించెను. 1975 అక్టోబరు 2వ తేదీన గాంధీజయంతినాడు దివంగతుడయ్యెను. 1976లో భారతరత్న బిరుదము ఆయనకు మరణానంతరము ప్రదానమయ్యెను.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించిన దిది. నాయకుని ‘మావాడు’ అని చెప్పుకొనుట సులభము. కామరాజు కష్టదినములలో అట్లు చెప్పుకొన్న సంపన్నులు తక్కువ. పదవి వచ్చినపిమ్మట అందరును చెప్పుకొనిరి. నిజముగ ఆయనపై హక్కుగలవారు, పేరు దెలియని ఆ పిడికెటి బియ్యపు ఇల్లాండ్రు. వారు ఏ నాయకుని కోరియు బియ్యము తీయలేదు. ఊరి బిడ్డలు చదువుకొనవలెనని తీసిరి.

మన మహాసభయందు ఉపన్యాసములకును, సన్మానములకును కొదవ లేదు. పోషకులగు మహాశయులకు మేము చేయు మనవి ఒక్కటియే. ఇంటి లేమిచే ఆరవ తరగతితో నిలిచిపోవుచున్న బిడ్డలు మన యూళ్లలో ఎందరున్నారో, రాబోవు మహాసభనాటికి ఊరూరను లెక్క తీయుదుము గాక. వారిలో కామరాజు ఉండవచ్చును, ఉండకపోవచ్చును. బిడ్డ చదువు ఆగకుండుటయే మన సంఘమునకు చాలును.